బ్రాడీపేట 4/14 నుంచి స్లాష్ హోమ్ దాకా

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం ఉదయం డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాటలు దాదాపు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. ఫ్యాను శబ్దం కొంచెం ఎక్కువగానే ఉంది. కానీ ఈ ఎండల్లో ఫ్యాను ఆపమని అడిగే ధైర్యం నాకు లేదు.

మీలో బయటి ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్నవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. గుంటూరు వచ్చిన మొదటి వారంలో ఎవరైనా అడ్రసు చెబితే మీకు అర్థమైందా? ‘బ్రాడీపేట, నాలుగు బై పద్నాలుగు’ అంటారు. ఇంటి నంబరేమో అనుకుంటాం. కాదు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు కలిసే చోటది. అరండల్‌పేటలోనూ ఇదే లెక్క. కాగితం మీద 4, ఒక వాలుగీత, తర్వాత 14. ఈ వాలుగీతతో బతికే ఊరు మనది. యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఈ వాలుగీతతోనే బతుకుతుంది. దాన్ని వాళ్లు స్లాష్ అంటారు, అంతే తేడా.

మనం ఉత్తరం మీద అడ్రసు రాసేటప్పుడు చిన్నదాన్నుంచి పెద్దదానికి వెళతాం. ఇల్లు, వీధి, పేట, ఊరు. యునిక్స్ వాడు పోస్టుమాన్‌లా ఆలోచిస్తాడు. ముందు ఊరు, తర్వాత పేట, తర్వాత వీధి, ఆఖర్న ఇల్లు. అందుకే అక్కడ పూర్తి దారి ఎప్పుడూ ఒక ఒంటరి స్లాష్‌తో మొదలవుతుంది. ఆ స్లాష్ అంటే మొత్తం ఊరు. దాని కింద హోమ్ అనే పేట. ఆ పేటలో సీత అనే అమ్మాయి ఇల్లు. కలిపి రాస్తే /హోమ్/సీత.

విండోస్ వాడి వచ్చినవాళ్లు ఇక్కడే ఆగి అడుగుతారు, ‘సార్, మరి డీ డ్రైవ్ ఎక్కడ?’ అని. ఉండదు. విండోస్‌లో ప్రతి డిస్కూ, ప్రతి పార్టిషనూ (అంటే డిస్కులో విడగొట్టిన భాగమూ) ఒక ప్రత్యేకమైన ఊరు. సీ ఒక ఊరు, డీ ఒక ఊరు. యునిక్స్‌లో మీ దగ్గర పది డిస్కులున్నా ఊరు ఒక్కటే. కొత్త డిస్కు తెస్తే ఉన్న ఊళ్లోనే ఏదో ఒక వీధికి తగిలిస్తారు. దాన్ని మౌంట్ చేయడం అంటారు. ఆ వీధిలోకి అడుగు పెడుతున్నప్పుడు మీరు ఒక డిస్కు దాటి ఇంకో డిస్కులోకి వెళ్తున్నారని మీకు తెలియను కూడా తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా సర్వర్లు చూసుకునే పని చేస్తున్నాను. ఇందులో ఎక్కువ కాలం కాలేజీ ల్యాబుల్లోనే. ఈ ఇరవై ఏళ్లలో నన్ను ఏడిపించిన సమస్యల్లో సగం హోమ్ డైరెక్టరీ, అంటే ఒక్కో యూజర్‌కి ఇచ్చే సొంత ఫోల్డర్, దగ్గరే పుట్టాయి. అందుకే నిర్వాహకులు ఫోన్ చేసి ‘ఏదైనా ఈజీ టాపిక్ చెప్పండి’ అంటే ఇది చెబుతానన్నాను. వాళ్లు కాస్త నిరుత్సాహపడ్డట్టున్నారు. ఫోల్డర్ల గురించి గంటసేపు ఏం చెబుతాడు అనుకున్నారేమో.

హోమ్ డైరెక్టరీ అంటే ఒక కంచె. కంచెకి ఇవతల ఉన్నది మీది. అవతల ఉన్నది మెషీన్‌ది. మీ ఫైళ్లు, మీ ప్రోగ్రాములు, మీకు నచ్చిన రంగులు, అక్షరాల సైజు, అన్నీ ఇవతలే. అవతల ఉన్నవి ఉమ్మడి ఆస్తి, మామూలు యూజర్ చదవగలడేమోగానీ మార్చలేడు. ఒకే మెషీన్‌ని చాలామంది వాడుకోవడం కోసం పుట్టిన ఏర్పాటు ఇది. లాప్‌టాప్‌ని ఒక్కరే వాడే మీ తరానికి ఇది అనవసరం అనిపించవచ్చు. కానీ సిస్టమ్ మొత్తం తుడిచేసి కొత్త లినక్స్ (యునిక్స్ నమూనాలో కట్టిన సిస్టమే) వేసుకున్న రోజున, ఆ కంచె పుణ్యాన మీ సామాను మీకు మిగులుతుంది.

ఇప్పుడు కొంచెం పాతకాలం కబుర్లు. యునిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ముఖ్యులు. తొలినాళ్లలో /హోమ్ అనేది లేదు. యూజర్ల ఇళ్లన్నీ /యూఎస్ఆర్ కింద ఉండేవి. /యూఎస్ఆర్/కెన్ థాంప్సన్ గారి ఇల్లు. రిచీ గారిది ఆయన పొడి అక్షరాలతో /యూఎస్ఆర్/డీఎంఆర్. యూఎస్ఆర్ అంటే యూజర్ అనే మాటే, కొంచెం పీనాసిగా రాశారు. తర్వాతి కాలంలో ఎవరో దానికి ‘యునిక్స్ సిస్టమ్ రిసోర్సెస్’ అని పెద్ద పేరు కనిపెట్టారు. ఇంటర్వ్యూలో ఎవరైనా అలా చెబితే తల ఊపండి, నమ్మకండి.

మరి యూజర్లు ఉండాల్సిన చోట ఇవాళ ప్రోగ్రాములు ఎందుకున్నాయి? చోటు చాలక. అప్పటి ఆర్‌కే05 డిస్కులో పట్టేది సుమారు 2.5 మెగాబైట్లు. మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టకపోవచ్చు. సిస్టమ్ ప్రోగ్రాములు పెరిగి పెరిగి మొదటి డిస్కు నిండిపోయింది. పక్కన యూజర్ల డిస్కులో ఖాళీ కనిపించింది. అక్కడ ఒక బిన్ డైరెక్టరీ పెట్టుకుని ప్రోగ్రాములు అందులోకి పోశారు. మన ఇళ్లలో జరగనిదా ఇది? చుట్టం నాలుగు రోజులుంటానని వచ్చి ముందు గది ఆక్రమిస్తాడు. చివరికి ఇంటివాళ్లే వేరే ఇల్లు చూసుకున్నారు. 1980ల చివర్లో వచ్చిన సిస్టమ్ ఫైవ్ రిలీజ్ 4 అనే యునిక్స్ వెర్షన్ నాటికి /హోమ్ అనే పేరు స్థిరపడింది. /యూఎస్ఆర్‌లో మాత్రం చుట్టాలే మిగిలారు.

అందరూ ఒకే చోటికి మారారా అంటే, లేదు. యునిక్స్ కుటుంబంలోని సొలారిస్‌లో అసలు ఇళ్లు /ఎక్స్‌పోర్ట్/హోమ్‌లో ఉంటాయి, /హోమ్ కింద అవసరమైనప్పుడు మాత్రమే ప్రత్యక్షమవుతాయి. మ్యాక్‌లో /యూజర్స్. అదే కుటుంబంలోని ఫ్రీబీఎస్‌డీ వాళ్లు చాలా ఏళ్లు /యూఎస్ఆర్/హోమ్‌లో ఉండి, 2023 నవంబరులో వచ్చిన 14వ వెర్షన్‌తో గానీ /హోమ్‌కి మారలేదు. లినక్స్‌లో ఏ డైరెక్టరీ ఎక్కడుండాలో చెప్పే ప్రమాణ పత్రం ఒకటుంది, ఎఫ్‌హెచ్‌ఎస్ అంటారు. అందులో కూడా /హోమ్ తప్పనిసరి కాదు. ఉంటే ఉండొచ్చు. ఏ ప్రోగ్రామూ ఇల్లు ఫలానా చోటే ఉంటుందని నమ్ముకోకూడదు అని రాసి ఉంది.

మీరు ప్రాజెక్టుల్లో /హోమ్/ఉబుంటు అని కోడ్‌లో నేరుగా రాసేస్తారు కదా? నవ్వుతున్నారంటే రాస్తారన్నమాట. డెమో రోజు మేడమ్ గారి లాప్‌టాప్‌లో అది ఎందుకు ఆడదో ఇప్పుడు తెలిసింది కదా.

మరి ఇల్లు ఎక్కడుందో ఎవరికి తెలుసు? ఒక రిజిస్టరు ఉంది. సిస్టమ్ సెట్టింగులుండే /ఈటీసీ కింద పాస్‌డబ్ల్యూడీ అనే ఫైలు. పాస్‌వర్డ్ అనే మాటలో ఓ, ఆర్ రెండూ ఎగిరిపోయాయి. మామూలు టెక్స్ట్ ఫైలు, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఒక్కో యూజర్‌కి ఒక్కో లైను. ప్రతి లైనులో ఏడు గళ్లు, మధ్యలో కోలన్ గుర్తులు. మొదటిది పేరు. రెండోది ఒకప్పుడు పాస్‌వర్డ్ ఉండే చోటు, ఇప్పుడు అక్కడ ఎక్స్ అని ఉంటుంది. అసలుది షాడో అనే వేరే ఫైల్లోకి మారింది, దాన్ని అందరూ చదవలేరు. మూడోది యూజర్ నంబరు. నాలుగోది గ్రూపు నంబరు. అయిదోది పూర్తి పేరు వగైరా. ఆరోది హోమ్ డైరెక్టరీ. ఏడోది షెల్, అంటే లోపలికి రాగానే మీతో మాట్లాడే ప్రోగ్రాము.

ఆ అయిదో గడికి జీకాస్ అని పేరు. బెల్ ల్యాబ్స్‌లో జనరల్ ఎలక్ట్రిక్ తయారీ పెద్ద మెషీన్ ఒకటి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచేది. యునిక్స్ నుంచి దానికి ప్రింటింగ్ పనులు పంపాలంటే కావలసిన వివరాలు ఈ గడిలో పెట్టేవాళ్లు. ఆ మెషీన్ పోయింది, ఆ ప్రింటింగూ పోయింది. పేరు మాత్రం యాభై ఏళ్లు దాటినా మీ లాప్‌టాప్‌లో ఉంది.

మీరు లాగిన్ అవ్వగానే సిస్టమ్ ఈ ఆరో గడి చూస్తుంది. అందులో రాసిన చోటుకి మిమ్మల్ని తీసుకెళ్లి దింపుతుంది. హోమ్ అనే వేరియబుల్‌లో ఆ అడ్రసు రాసి పెడుతుంది. తర్వాత మీరు ఎంత దూరం తిరిగినా, సీడీ అనే కమాండ్ ఉత్తిగా కొడితే చాలు, ఇంటికి వచ్చేస్తారు. ఆ ఆరో గడి మార్చేస్తే మీ ఇల్లు మారిపోయినట్టే, ఒక్క ఫైలు కూడా కదలకపోయినా సరే.

ఇప్పుడు మూడో గడి దగ్గరికి రండి. నంబరు. దీని గురించి చెప్పాలంటే నా పరువు తీసిన కథ ఒకటి చెప్పాలి. కాలేజీ పేరు అడక్కండి.

అప్పట్లో మా ల్యాబులో ఒక లినక్స్ సర్వర్ ఉండేది. పిల్లలు విండోస్ సిస్టమ్‌ల మీద కూర్చుని, పుట్టీ అనే ప్రోగ్రాము తెరిచి, ఆ సర్వర్‌లోకి లాగిన్ అయ్యేవాళ్లు. రోల్ నంబరే యూజర్ పేరు. సర్వర్ పాతబడింది, లినక్స్ కొత్త వెర్షన్ వేయాలి. /హోమ్ వేరే పార్టిషన్‌లో ఉంది కాబట్టి నాకు ధీమా. సిస్టమ్ పార్టిషన్ తుడిచాను, కొత్తది వేశాను, /హోమ్‌ని ముట్టుకోకుండా మళ్లీ తగిలించాను. చూసుకున్నాను, అందరి ఫోల్డర్లూ పదిలంగా ఉన్నాయి. ఇంక యూజర్లని మళ్లీ సృష్టించాలి. పాత రిజిస్టరు సిస్టమ్ పార్టిషన్‌తో పాటు పోయింది కదా. ఆఫీసు నుంచి లిస్టు తెప్పించాను. చిన్న స్క్రిప్టు రాసి, లిస్టులో ఒక్కొక్కరికీ యూజర్‌యాడ్ (కొత్త యూజర్‌ని సృష్టించే కమాండ్) నడిపించాను. స్క్రీన్ మీద ఏవో హెచ్చరికలు వరసగా దొర్లాయి. ‘ఈ హోమ్ డైరెక్టరీ ముందే ఉంది’ అని. ఉండక ఎక్కడికి పోతుంది, నేనే కదా ఉంచాను అనుకుని, టీ తాగడానికి వెళ్లాను.

మర్నాడు పొద్దున్న ఇంటర్నల్ ల్యాబ్ పరీక్ష. పిల్లలు లాగిన్ అయ్యారు. పాస్‌వర్డ్ సరిగ్గానే తీసుకుంది. వెంటనే ‘హోమ్ డైరెక్టరీలోకి వెళ్లలేకపోతున్నాను, పర్మిషన్ లేదు’ అని మెసేజి. ఒకరికి కాదు, దాదాపు అందరికీ. ఎవరి ఇంటి గుమ్మం దగ్గర వాళ్లే నిలబడి ఉన్నారు, తాళం తియ్యడం లేదు. నాకు చెమటలు పట్టాయి. ఈలోపు వెనక బెంచీ కుర్రాడొకడు గట్టిగా అన్నాడు, ‘సార్, నా ఫోల్డర్ రావట్లేదు గానీ 47 వాడి ఫోల్డర్ ఓపెన్ అవుతోంది!’ అని.

ఆ మాటతోనే నాకు బుర్ర వెలిగింది.

మన మిర్చి యార్డు వైపు కోల్డ్ స్టోరేజీలు చూసి ఉంటారు. రైతు బస్తాలు తెచ్చి లోపల పెడతాడు. బస్తా మీద నంబరు వేస్తారు. ఆ నంబరు ఎవరిదన్నది ఆఫీసులో రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఎవడో ఆ రిజిస్టరు చింపేసి, రైతుల పేర్లు వేరే వరసలో పెట్టి కొత్తది రాశాడనుకోండి. బస్తాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మీద నంబర్లూ మారలేదు. కానీ సుబ్బయ్య సరుకు వెంకయ్యదైపోయింది. నేను చేసింది అదే. డిస్కు మీద ఫైలుకి యజమాని పేరు ఎక్కడా రాసి ఉండదు, నంబరు మాత్రమే ఉంటుంది. ఎల్‌ఎస్, అంటే ఫైళ్ల జాబితా చూపే కమాండ్, కొట్టినప్పుడు కనిపించే పేరు, ఆ క్షణాన రిజిస్టరు చూసి చెప్పేది. మొదటిసారి యూజర్లని రోల్ నంబర్ల వరసలో సృష్టించారు. ఆఫీసు నాకిచ్చిన లిస్టు పేర్ల అక్షర క్రమంలో ఉంది. సిస్టమ్ 1001 నుంచి వరసగా నంబర్లు పంచుకుంటూ పోయింది. పేకముక్కలు కలిపేసినట్టయింది.

ఫోల్డర్ల సంగతి త్వరగానే తేలింది. ఫోల్డర్ పేరే యూజర్ పేరు కాబట్టి, ప్రతి ఫోల్డరునీ అందులోని సమస్తాన్నీ ఆ పేరుగల యూజర్‌కి రాసివ్వమని ఒక లూపు నడిపించాను. యజమానిని మార్చే కమాండ్ ఉంటుంది, ఛోన్ అంటాం. పది నిమిషాల్లో పరీక్ష మొదలైంది.

అసలు తలనొప్పి ఉమ్మడి ప్రాజెక్టు ఫోల్డరుది. అక్కడ నలుగురైదుగురు కలిసి రాసుకున్న ఫైళ్లు కలగాపులగంగా ఉన్నాయి. ఏది ఎవరిదో ఫోల్డర్ పేరును బట్టి తెలియదు. పాత రిజిస్టరు కావాలి. మా ల్యాబ్ టెక్నీషియన్ గారు, పెద్దాయన, ఆ సర్వర్ /ఈటీసీ మొత్తం ఎప్పుడో ఒక సీడీలోకి ఎక్కించి బీరువాలో పెట్టారు. నన్ను ఒక్క మాట అనకుండా తీసిచ్చారు. అనుంటేనే బాగుండేది.

సీడీ దొరికిన ఆనందంలో ఇంకో తప్పు చేశాను. 1001ని 1047 చెయ్యి, 1002ని 1012 చెయ్యి అని వరసగా మార్చుకుంటూ పోయాను. లిస్టులో 1047 వంతు వచ్చేసరికి, ముందు నుంచి 1047గా ఉన్న ఫైళ్లేవో, నేను ఇప్పుడే 1047 చేసినవేవో తెలియదు! రెండు గ్లాసుల్లో పాలూ నీళ్లూ ఉంటే, వాటిని అటూ ఇటూ మార్చడానికి మూడో గ్లాసు కావాలి. ముందు అన్ని నంబర్లకీ పదివేలు కలిపి పక్కకి జరపాలి, 1001ని 11001, అలా. అందరూ జరిగాక అప్పుడు కొత్త నంబర్లు ఇవ్వాలి. బ్యాకప్ ఉంది కాబట్టి ఆ ఫోల్డరు మళ్లీ దింపుకుని, ఈసారి సరిగా చేశాను. ఆ రోజు ఇంటికెళ్లేసరికి రాత్రి పదకొండు.

సిస్టమ్ తిరిగి వేసేటప్పుడు /హోమ్ ఒక్కటే దాచుకుంటే సరిపోదు. పాస్‌డబ్ల్యూడీ, షాడో, గ్రూప్, ఈ మూడు ఫైళ్ల కాపీ కూడా దాచుకోండి. ఒంటరిగా లాప్‌టాప్ వాడేవాళ్లకి ఈ బాధ సాధారణంగా రాదు. మొదటి యూజర్‌కి ఇప్పటి లినక్స్‌లన్నీ దాదాపుగా 1000 ఇస్తాయి కాబట్టి పాత ఇల్లు కొత్త మీకు అలాగే అమరిపోతుంది. పాత రెడ్‌హ్యాట్ లినక్స్ సిస్టమ్‌లు 500 నుంచి మొదలుపెట్టేవి. అలాంటి డిస్కు ఎప్పుడైనా చేతికి వస్తే యజమాని పేరు చోట ఉత్తి నంబరు కనిపిస్తుంది. కంగారు పడకండి.

పర్మిషన్ల గురించి ఎక్కువ చెప్పను, మీ సిలబస్‌లో ఉంది. కానీ సిలబస్‌లో సరిగా చెప్పని ఒక ముక్క. డైరెక్టరీకి రీడ్ వేరు, ఎగ్జిక్యూట్ వేరు. అపార్ట్‌మెంట్ కింద గోడ మీద ఎవరు ఏ ఫ్లాట్‌లో ఉన్నారో రాసిన బోర్డు ఉంటుందే, అది చదివే హక్కు రీడ్. మెట్లెక్కి వెళ్లే హక్కు ఎగ్జిక్యూట్. బోర్డు చూడనివ్వకపోయినా, మెట్లెక్కనిస్తే, 302లో మీ స్నేహితుడున్నాడని మీకు ముందే తెలిస్తే నేరుగా వెళ్లి తలుపు కొట్టొచ్చు. చాలా ఏళ్లపాటు ఉబుంటు లినక్స్‌లో హోమ్ డైరెక్టరీకి పర్మిషన్ నంబరు 755 ఉండేది. అంటే బోర్డూ అందరికీ, మెట్లూ అందరికీ. 2021లో వచ్చిన 21.04 వెర్షన్ నుంచి 750 చేశారు, బయటివాళ్లకి రెండూ లేవు. హాస్టల్లో లాప్‌టాప్ పంచుకునేవాళ్లు ఒకసారి ఎల్‌ఎస్‌తో చూసుకోవడం మంచిది.

ఇంకా ఆసక్తికరమైన విషయం అటక. పాతకాలం ఇళ్లలో అటక ఉండేది కదా, ఇప్పటి ఫ్లాట్లలో బాత్రూం పైన అర. చుట్టాలొస్తే కనబడకూడనివన్నీ అక్కడికి ఎక్కిస్తాం. హోమ్ డైరెక్టరీకి కూడా అటక ఉంది. పేరు చుక్కతో మొదలైతే ఆ ఫైలు ఎల్‌ఎస్‌కి కనబడదు. ఎల్‌ఎస్ పక్కన మైనస్ ఏ అని కొడితే అటక మీది సామానంతా దిగుతుంది. మొదటిసారి చూసినవాళ్లు భయపడతారు, ఇంత ఉందా అని.

ఈ అటకని ఎవరో ఆలోచించి కట్టారనుకుంటాం. రాబ్ పైక్ అని బెల్ ల్యాబ్స్‌లో చాలాకాలం పని చేసినాయన, 2012లో దీని పుట్టుక చెప్పారు. ప్రతి డైరెక్టరీలో రెండు ప్రత్యేకమైన పేర్లు ఉంటాయి. ఒంటి చుక్క అంటే ఈ డైరెక్టరీ. జంట చుక్కలంటే దీని పైది. ఎల్‌ఎస్ కొట్టిన ప్రతిసారీ ఇవి కనబడుతుంటే చిరాగ్గా ఉందని, వాటిని దాచడానికి కోడ్ రాశారు. పేరు మొత్తం పోల్చి చూడకుండా, మొదటి అక్షరం చుక్కైతే వదిలెయ్ అని సులువు దారి తొక్కారు. దాంతో చుక్కతో మొదలయ్యేవన్నీ మాయమయ్యాయి. తర్వాత ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ ఇది భలే వీలుగా దొరికింది. ప్రతివాడూ తన సెట్టింగుల ఫైలు తెచ్చి మీ ఇంటి అటక మీద పడేయడం మొదలుపెట్టాడు. మిమ్మల్ని అడిగేది లేదు.

ఈ రభస తగ్గించడానికి 2003లో ఫ్రీడెస్క్‌టాప్ అనే ప్రాజెక్టు వాళ్లు ఒక పద్ధతి పెట్టారు, ఎక్స్‌డీజీ అంటారు. సెట్టింగులు చుక్క కాన్ఫిగ్‌లో పెట్టండి. ప్రోగ్రాము దాచుకునే అసలు డేటా చుక్క లోకల్ కింద షేర్‌లో. పారేసినా పరవాలేదనుకునేవి చుక్క కాష్‌లో. మీ బ్యాకప్‌కి ఇదే కొలత. సెట్టింగులు వంటింట్లో డబ్బాలు సర్దుకున్న తీరు, పోతే మళ్లీ సర్దుకోవాలి, విసుగు. షేర్‌లో ఉన్నది ఆవకాయ జాడీ, పోతే వచ్చే వేసవి దాకా లేదు. కాష్ నిన్నటి పేపరు. డిస్కు నిండిందని వచ్చే కుర్రాళ్ల సిస్టమ్‌లో నేను మొట్టమొదట చూసేది ఈ నిన్నటి పేపర్ల కట్టనే. పాత ప్రోగ్రాములు కొన్ని ఇప్పటికీ ఈ పద్ధతి పాటించవు. అలవాటు మానరు, ఏం చేస్తాం.

కొత్త యూజర్‌ని సృష్టించినప్పుడు ఖాళీ ఇల్లు ఇవ్వరు, నాలుగు చుక్క ఫైళ్లు పెట్టి ఇస్తారు. అవి /ఈటీసీ కింద స్కెల్ అనే డైరెక్టరీ నుంచి వస్తాయి. స్కెలిటన్, అంటే అస్థిపంజరం. గృహప్రవేశానికి అస్థిపంజరం ఏమిటని అడగొద్దు. మీ ల్యాబులో కొత్త పిల్లలందరికీ ఒకే సెట్టింగులు ఇవ్వాలంటే ముందే అక్కడ పెట్టుకోండి. కథలో నేను నిర్లక్ష్యం చేసిన హెచ్చరిక దీని గురించే. ఇల్లు ముందే ఉంది కాబట్టి స్కెల్ నుంచి ఏమీ తేవడం లేదు అని చెబుతోంది పాపం.

వేలమంది ఉండే యూనివర్సిటీల్లో అందరినీ ఒకే /హోమ్ కింద వరసగా పెట్టడం కుదరదు. ఎక్స్‌ట్3 ఫైల్‌సిస్టమ్‌లోనైతే (లినక్స్‌లో డిస్కు మీద ఫైళ్లు సర్దే ఒక పద్ధతి) ఒక డైరెక్టరీలో 31,998కి మించి సబ్‌డైరెక్టరీలు పట్టవు. అమెరికాలో ఎంఐటీ వాళ్లు ఎథీనా అనే తమ నెట్‌వర్క్‌లో యూజర్ పేరు మొదటి అక్షరానికి ఒక డైరెక్టరీ, దాని కింద రెండో అక్షరానికి ఒక డైరెక్టరీ, దాని కింద ఇల్లు పెట్టారు. లైను, అడ్డరోడ్డు, ఇల్లు. వాళ్లది బ్రాడీపేట పద్ధతే!

మీ జేబులో ఉన్న ఫోన్ సంగతి కూడా చెప్పేస్తాను. ఆండ్రాయిడ్ కింద ఉన్నది లినక్స్ కెర్నలే, అంటే లినక్స్ గుండెకాయే. కానీ అక్కడ యూజర్ మీరు కాదు. ప్రతి యాప్ ఒక యూజర్! వాటి నంబర్లు 10000 నుంచి మొదలవుతాయి. ఒక్కో యాప్‌కి /డేటా/డేటా కింద ఒక సొంత ఇల్లు. మీ బ్యాంకు యాప్ ఇంట్లోకి మీ గేము తొంగిచూడలేకపోవడానికి మొదటి కారణం ఇదే, మనుషుల కోసం కట్టిన పాత కంచెని యాప్‌ల మధ్య పాతారు. కమాండ్లు కొట్టుకునే టెర్మక్స్ అనే యాప్ వేసుకుని పీడబ్ల్యూడీ (ఇప్పుడున్న చోటు చెప్పే కమాండ్) కొట్టండి, దాని ఇంటి అడ్రసు వస్తుంది. /హోమ్‌తో మొదలవదు, చాంతాడంత ఉంటుంది.

ప్రశ్నలుంటే అడగండి. అదిగో, ఆ అమ్మాయి.

ఇంటికి ఆ వంకర గీత గుర్తు ఎందుకు పెట్టారని అడుగుతోంది, టిల్డా. బాగా అడిగావమ్మా. 1970ల్లో ఏడీఎం-3ఏ అని ఒక టెర్మినల్, అంటే పెద్ద మెషీన్‌కి తగిలించే స్క్రీనూ కీబోర్డూ, ఉండేది. బర్కిలీలో బిల్ జాయ్ పని చేసింది దాని మీదే. ఆ కీబోర్డులో టిల్డా, హోమ్ రెండూ ఒకే మీట మీద ముద్రించి ఉండేవి. ఆయన రాసిన సీ షెల్‌లో టిల్డాకి ఇల్లు అనే అర్థం వచ్చింది. టిల్డా పక్కన పేరు రాస్తే వాళ్ల ఇల్లు, ఉత్తి టిల్డా అయితే మన ఇల్లు. మీ కోడ్‌లో /హోమ్/ఉబుంటు తీసేసి హోమ్ వేరియబుల్ పెట్టండి, నాకు గురుదక్షిణ ముట్టినట్టే.

ఇంకొక్కటి. ఆ చివర బాబు. రూట్ యూజర్ ఇల్లు /హోమ్‌లో ఎందుకు లేదు, /రూట్ అని విడిగా ఎందుకు?

రూట్ అనే మాటతో ముందే చిక్కు ఉంది. ఒంటరి స్లాష్‌నీ రూట్ అంటారు, సర్వాధికారి యూజర్‌నీ రూట్ అంటారు, ఆయన ఇంటి పేరూ రూటే. పాత యునిక్స్‌లలో ఆయనకి విడిగా ఇల్లు కూడా లేదు, స్లాష్‌లోనే మకాం. ఊరంతా నాదే అన్నట్టు. ఆయన చుక్క ఫైళ్లన్నీ ఊరి నడిబొడ్డున పడుంటే బాగాలేదని తర్వాత /రూట్ కట్టారు.

/హోమ్‌లో ఎందుకు కట్టలేదంటే, మొదట్లో గుర్తుపెట్టుకోమన్నది ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. /హోమ్ వేరే డిస్కు కావచ్చు. నెట్‌వర్క్‌లో ఇంకో మెషీన్ మీద కూడా ఉండొచ్చు. అది తగలకపోతే ఊళ్లో ఎవరికీ ఇల్లుండదు. బాగుచేయడానికి వచ్చేవాడికైనా ఉండాలి కదా.

నా కథలో సర్వరే, ఇంకో మూడేళ్లకి ఒక రాత్రి కరెంటు పోయి వచ్చాక లేవలేదు. అంటే లేచింది, /హోమ్ డిస్కు మాత్రం చచ్చిపోయింది. ఎవరు లాగిన్ అయినా ‘డైరెక్టరీ లేదు’ అని స్లాష్‌లో నిలబెడుతోంది. నేను రూట్‌గా లోపలికి వెళ్లాను. /రూట్ చెక్కుచెదరలేదు. అందులో నేను ఎప్పుడో పెట్టుకున్న ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంది. ఆఖరి బ్యాకప్ ఏ తేదీది, ఆ డిస్కు ఏ బీరువాలో, తాళం ఎవరి దగ్గర అని. తాళం టెక్నీషియన్ గారి దగ్గరే. అర్ధరాత్రి పన్నెండున్నరకి అరండల్‌పేటలో ఆయన ఇంటి తలుపు కొట్టాను.